అసీలుకోడియు బాంటముకోడియు: కుక్కుటజాతి లక్షణవిచారము

హైదరాబాదు పాతనగరమున చార్మినారునకు పడమటగా లాడ్ బజారును దాటి మహబూబు చౌకు మీదుగా పోవువారికి హుస్సేనీ ఆలము అను పేట కనబడును. ఇమాము హుస్సేను పేర నిలిపిన ఆలము, అనగా మొహర్రమునాళ్లలో ఎత్తు పవిత్రధ్వజము, ఈ పేటకు పేరిచ్చినది. పేటకు వాకిలివంటిదగు మహబూబు చౌకునందు 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్ జా కట్టించిన గడియారపు స్తంభము కలదు. ఆ చౌకు ఆఱవ నిజామగు మహబూబు అలీఖాను పేరు వహించినది. అయినను నగరవాసులలో పెక్కురు దానిని 'ముర్గీ చౌక్' అనియే వ్యవహరింతురు. కోళ్లు, పావురములు, చిలుకలు అమ్మబడుటచేత ఆ పేరు వచ్చినది. రాజు పేరు శాసనములయందును, కోడి పేరు జనుల నాలుకలయందును నిలిచినవి.

ఈ ప్రాంతమున కోడి వంటకొఱకు మాత్రమే కొనబడునది కాదు. వంశమెన్ని, ముక్కు చూచి, కన్ను చూచి, కాలి పొలుసుల వరుస చూచి కొనువారు కలరు. ఒక పక్షి 'జాతికోడి' యని నిర్ణయించుటకు ప్రమాణమేమి? ఆ ప్రమాణమును పూర్వము కాపాడిన పందెము శాసనముచే నిషేధింపబడిన పిదప దానిని కాపాడున దేది? ఈ రెండు ప్రశ్నలును పరస్పరసంబద్ధములు. వీనికి సమాధానము వెదకుటకు శబ్దచరిత్రము, కావ్యసాక్ష్యము, పాశ్చాత్యుల ప్రదర్శనచరిత్రము ఈ మూడును కావలసియున్నవి.

నామవిచారము

'కోడి' దేశ్యశబ్దము. అఱవమునందలి సజాతీయపదమున కడపటి హల్లు ఆ భాషకు విశేషమైన ళకారసదృశవర్ణము. ఏడు అను సంఖ్యావాచకమునందువలెనే ఇందును ఆ వర్ణమునకు తెలుగున డకారము వచ్చినది. సంస్కృతమునందలి 'కుక్కుట' శబ్దము శుక్లయజుస్సంహితయందే కాననగును. పక్షినామములు తఱచుగా ధ్వన్యనుకరణమువలన పుట్టినవని యాస్కుడు నిరుక్తమున చెప్పిన నియమమునకు ఇది తగిన యుదాహరణము. వ్యాకరణమునకును కోడికిని గల సంబంధము ఇంతటితో తీఱదు. పాణిని హ్రస్వ దీర్ఘ ప్లుతములకు ఉవర్ణమునే యేల మాతృకగా గైకొనెనని విచారించి, కోడికూతయందు ఆ వర్ణము ఒకటి, రెండు, మూడు మాత్రలుగా క్రమముగా పెరుగుటయే కారణమని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. పతంజలి మహాభాష్యారంభమున గ్రామ్యకుక్కుటము అభక్ష్యమనినంతనే అడవికోడి భక్ష్యమని తెలియునని చెప్పి, నిషేధమువలన విధి స్ఫురించు విధమును చూపెను. కావున ఆయన నాటికే ఊరికోడియు అడవికోడియు వేర్వేఱుగా నెన్నబడుచుండెను.

ఆ ఊరికోడి యెక్కడ పుట్టెనను విషయమున నవీనపరిశోధన కొంత వెలుగు చూపినది. చార్లెస్ డార్విన్ 19వ శతాబ్దిలోనే ఎఱ్ఱ అడవికోడి దీనికి మూలమని నిర్ణయించెను. 2020లో వెలువడిన జన్యువిమర్శ ఆ ఎఱ్ఱ అడవికోడులలోను ఆగ్నేయాసియాయందలి ఒక ఉపజాతియే ముఖ్యమూలమని తేల్చినది. 2022లో ప్రకటింపబడిన పరిశోధన థాయి దేశమున బాన్ నాన్ వాట్ అనుచోట దొరకిన, క్రీ. పూ. 1650–1250 నడిమికాలపు కోడియెముకలను అన్నిటికంటె ప్రాచీనములని యెన్నినది. అయినను దక్షిణాపథమునకు ఇందు పాలు లేకపోలేదు. కోడి చర్మమునకును కాళ్లకును పసుపువన్నె నిచ్చు జన్యువు ద్వీపకల్పమునందలి బూడిదవన్నె అడవికోడినుండి వచ్చినదని 2008లో స్థాపింపబడెను. పసుపుకాళ్ల కోడి లోకమున నెక్కడ కనబడినను దానియందు ఈ దేశపు అడవి కొంత కలదన్నమాట.

ప్రాచీనగ్రంథసాక్ష్యము

ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులతో ఆడించునది సమాహ్వయమనియు మనువు విభజించి, రెండింటిని రాజు తన రాష్ట్రమునుండి తొలగింపవలెనని విధించెను. కౌటిల్యు డట్లుగాక రెంటిని రాజాధికారుల కనుసన్నలయందు నడుపవలసిన వ్యవహారములుగా నెన్నెను. నిషేధమా, నియమనమా యను వివాదము నేటిది గాదు. వాత్స్యాయనుడు అఱువదినాలుగు కళలలో పొట్టేళ్ల, కోళ్ల, లావుకపిట్టల పోరాటవిధానమునకు స్థానమిచ్చెను. దండి దశకుమారచరితమున ప్రమతి కథయందు ఒక కోడిపోరును వర్ణించి, నారికేళజాతి యనియు బలాకాజాతి యనియు రెండు కుక్కుటజాతులను పేర్కొనెను. బలమునందును ప్రమాణమునందును సమానములు గాని పక్షులను పోరునకు విడిచినందులకు ప్రమతి నవ్వుకొనుట కథ. జాతిని చూడగనే గుర్తించు నేర్పు ఆనాడు నాగరకుల లక్షణముగా నుండెనని దీనివలన తెలియవచ్చుచున్నది. దండికృతిని 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెనిగించి తిక్కనకు కృతియిచ్చెను. తెలుగుభాషకు ఆంధ్రభాషాభూషణమను లక్షణగ్రంథమును వ్రాసినవాడును ఆ కేతనయే.

కల్యాణచాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమునందు కుక్కుటవినోదము ఒక ప్రకరణము. రాజు తన వినోదములలో నొకదానికి శాస్త్రమర్యాద కల్పించి, కోళ్ల భేదములను, పెంపకమును, పోరును వివరించెను. ఆతని రాజధానియగు కల్యాణము తరువాతికాలమున నిజాము రాజ్యములోనిదే యగుటచే, హైదరాబాదు ప్రాంతపు కుక్కుటశాస్త్రమునకు ఇది తొలిమెట్టని చెప్పవచ్చును. తెలుగుదేశమున పలనాటి కథ యెల్లరెఱిగినదే. బ్రహ్మనాయుని చిట్టిమల్లును నాగమ్మ శివంగిడేగయు పోరుటయు, ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు వలసపోవుటయు జనశ్రుతిలో నిలిచిన సంగతులు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమునందు ఓరుగంటి వీథులలో తిరుగు మంచనశర్మయు టిట్టిభసెట్టియు చూచిన వేడుకలలో కోడిపందెము నొకటి.

ఈ సంప్రదాయమునుండి వెలసినది తెలుగు కుక్కుటశాస్త్రము. అందు కాకి, సేతువ, డేగ, నెమలి, కౌజు, మైల మున్నగునవి ఈకల వన్నెనుబట్టి వచ్చిన పేళ్లు. ఏ వారమున, ఏ నక్షత్రమున, ఏ పక్షమున ఏ వన్నెకోడి దేనిని గెలుచునో అందు చెప్పబడును. ఆ ఫలభాగమును విశ్వసించినను విశ్వసింపకున్నను, వర్ణసంజ్ఞల భాగము మాత్రము భాషాపరిశోధకులకు నిధానము. రెండుమూడు వన్నెల కలయికకు ఒక్కొక్క సంజ్ఞ నేర్పఱచుట లోకమున నెంత సూక్ష్మదృష్టి యుండినగాని జరుగదు.

అసీలు

హుస్సేనీ ఆలము ప్రాంతమున వినబడు మాట 'అసీల్'. ఇది ఆరబీ శబ్దము. సద్వంశమున పుట్టినదని యర్థము. దీనికి ప్రకృతియగు 'అస్ల్' మూలమను నర్థము గలది. అదియే తెలుగున 'అసలు' అయి, వడ్డికి ఎదురుమాటగా పల్లెపల్లెకు వ్యాపించినది. అసలుగల కోడి అసీలు. ఈ జాతిలో వన్నెనుబట్టి నూరీ, యాకూబు, కగర్, చిట్టా, టీకర్, పీలా, సబ్జా మున్నగు భేదములు చెప్పబడును. నూరీ తెల్లనిది, కగర్ నల్లనిది, యాకూబు నలుపెఱుపులు గలది. తెలుగువారి సేతువ, కాకి మున్నగు సంజ్ఞలును, ఉర్దూవారి నూరీ, కగర్ మున్నగు సంజ్ఞలును ఒకే పక్షిని రెండు భాషలు చూచిన రెండు చూపులు. ప్రమాణమునుబట్టి పొట్టిది రేజా, పొడవైనది కులంగు అందురు. రేజా యనగా పారసీకమున తునుక; కులంగు అనగా కొంగజాతి పక్షి. కులంగును తెలుగు 'కులము'తో ముడిపెట్టరాదు. దండి చెప్పిన బలాకాజాతియు కొంగపేరు గలదే యగుట ముచ్చటయైన సామ్యము. కాని దండి బలాకజాతిని తక్కువ ప్రమాణముదిగా చూపగా కులంగు పెద్దదానికి పేరగుటవలన, నామసామ్యముచే వంశసామ్యము చెప్పుట యుక్తము గాదు.

అసీలు రూపమిట్టిది: చిన్నతల, బలమై వంగిన ముక్కు, మూడు వరుసల బుడిపెలుగల పొట్టిజుట్టు, ఉండీయుండని గడ్డపుతోలు, ముత్యపువన్నె కన్ను, పొడవైన మెడ, విశాలమైన భుజము, ఒంటికి బిగిసియంటిన గట్టి యీకలు, క్రిందికి వ్రాలిన తోక, దృఢమైన కాళ్లు. పుంజు 4–5 కిలోలును, పెట్ట 3–4 కిలోలును తూగును. గ్రుడ్లు కొద్దిగనే పెట్టును. కాని పొదుగుటయందును పిల్లలను కాచుటయందును ఈ పెట్టకు సాటి లేదు. ముర్గ్‌బాజులనబడు పోషకులు పుంజులను వేర్వేఱుగా నుంచి, నానబెట్టిన ధాన్యమును బాదముపప్పును మేపి, ఒడలు మర్దించి పెంచుదురు. పుంజు నమ్మినను మంచిపెట్టను పరులకీయక పోవుట ఈ విద్యలో ముదిసినవారి వాడుక. వంశమును నిలుపునది పెట్టయని వారెఱుగుదురు.

ఈ పక్షి ఖ్యాతి దేశాంతరములకు పాకినది. లక్నోలో 1784లో జరిగిన కోడిపోరును చిత్రకారుడు జోఫనీ వారన్ హేస్టింగ్సు కొఱకు చిత్రించెను. 19వ శతాబ్దిలో అసీలులు ఇంగ్లాండునందలి కార్న్‌వాల్ సీమకు కొనిపోబడి, అచ్చటి కోళ్లతో కలిసి 'ఇండియన్ గేమ్' అను జాతికి బీజమైనవి. అదియే అమెరికాలో కార్నిష్ అనబడి, నేటి మాంసపుకోళ్లకు పితృపక్షమైనది. వీథివీథి నమ్మబడు బ్రాయిలరుకోడి రొమ్ముకండయందు అసీలు పూర్వికుల పాలు కలదు.

బాంటము

ప్రదర్శనలకై పెంపబడు పొట్టికోళ్లకు పాశ్చాత్యులిచ్చిన 'బాంటము' అను పేరు జావాదీవి పడమటి కొననున్న బంటాము రేవునుండి వచ్చినది. ఆ రేవున నావికులు పొట్టికోళ్లను కొనుటచే రేవుపేరు కోడికి సంక్రమించెను. తెలుగువారికి ఆ రేవు పరాయిది గాదు. గోలకొండ సుల్తానుల రేవగు మచిలీపట్టణమున ఆంగ్లేయులు 1611లో వర్తకశాల నెలకొల్పిరి. కొంతకాలము మచిలీపట్టణపు కోఠి బంటాము పెద్దకోఠికి లోబడియుండెను. తెలుగు సాలెలు నేసిన, అద్దకమువారు అద్దిన వస్త్రములు బంటామునకు పోయి మిరియములుగా మాఱుచుండెను. 1591లో వెలసిన హైదరాబాదు ఆ వస్త్రవ్యాపారముతో నెదిగిన నగరము.

పొట్టికోడిని ప్రదర్శనవస్తువుగా చేసినవారు ఆంగ్లేయులు. 19వ శతాబ్ది మొదట సర్ జాన్ సెబ్రైట్ అను నాతడు పలుజాతులను కలిపి, ప్రతి యీకకును నల్లని అంచుగల పొట్టిజాతి నొకదానిని సృష్టించెను. దాని పుంజు 620 గ్రాములు, పెట్ట 510 గ్రాములు. అసీలు పుంజు దీనికి ఆఱురెట్లు మొదలు ఎనిమిదిరెట్లు తూగును. విశేషమేమనగా, సెబ్రైటు పుంజునకు పుంజులకు సహజమైన కొడవలియీకలుండవు. అది పెట్టయీకలనే ధరించును. పావురములలో కోరిన యీకను మూడేండ్లలో తేగలనని, తలను ముక్కును తెచ్చుటకు మాత్రము ఆఱేండ్లు పట్టునని సెబ్రైట్ చెప్పుచుండెడివాడని డార్విన్ 1859 నాటి గ్రంథమున వ్రాసెను. మనుష్యుని యెన్నికకు ప్రాణిరూపము లొంగుననుటకు డార్విన్ చూపిన సాక్షులలో ఈ కోళ్లు, పావురములు ముఖ్యములు.

పందెమునుండి ప్రదర్శనమునకు

ఇంగ్లాండున 1835, 1849 సంవత్సరముల శాసనములు కోడిపోరును నిషేధించినవి. ఆ రెండు శాసనముల నడుమ, 1845లో, లండను జంతుశాలయందు కోళ్లప్రదర్శన మొకటి జరిగినది. పోరాటమునకై పెంచిన నేర్పు క్రమముగా ప్రదర్శనమువైపు మరలినది. 1865లో ఆ దేశమున జాతిలక్షణములను నిర్ణయించు గ్రంథము వెలువడెను. అమెరికాలో 1873లో కోళ్లపోషకుల సంఘమేర్పడి మఱుసటియేట తన లక్షణగ్రంథమును ప్రకటించెను. బాంటములకే ప్రత్యేకసంఘము అచ్చట 1914లో నెలకొన్నది. తలకింత, జుట్టునకింత, వన్నెకింత, నిలుకడకింత యని నూఱు గుణాంకములను పంచి, నిర్ణేత పంజరమునెదుట నిలిచి లెక్కించును. పోరుకోళ్లనుగూడ పొట్టిరూపమున తయారుచేసి పంజరములందుంచిరి. ఇట్లు యుద్ధవీరుడు చిత్రపటమునందలి వీరుడైనాడు.

భారతదేశమున 1960 నాటి జంతుహింసానివారణశాసనము జంతువుల పోరాటములను నిషేధించెను. 1974 నాటి రాష్ట్రశాసనము జూదమును దండనీయము గావించెను. సంక్రాంతినాళ్లలో కృష్ణా గోదావరీ మండలములందు పందెములు సాగుటయు, రక్షకభటులు పట్టుకొనుటయు ఏటేట విననగుచున్నది. ఇంగ్లాండునందువలె ఇచ్చటను మఱియొక మార్గము తెఱపబడినది. కొన్నియేండ్లుగా ఆంధ్ర తమిళదేశములందు 'చిలుకముక్కు' అసీలులకు అందపుపోటీలు జరుగుచున్నవి. చిలుకవలె వంగిన ముక్కు, పొడవైన తోక, మంచినిలుకడ గల పుంజునకు బహుమానమిత్తురు. రక్తము చిందదు, కత్తి కట్టరు.

హైదరాబాదులోనే శాస్త్రీయమైన యత్నమును సాగుచున్నది. రాజేంద్రనగరమున 1988లో ఏర్పడిన కోళ్లపరిశోధనసంస్థ అసీలుజాతిని రక్షించుచు, పెరటికోళ్లకై వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి యను సంకరములను వెలయించినది. జాతీయ పశుజన్యువనరుల సంస్థ అసీలును ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతముల జాతిగా నమోదుచేసినది.

లక్ష్యలక్షణవిచారము

ఇచట విచారింపవలసిన ముఖ్యాంశమొకటి గలదు. వ్యాకరణమున శిష్టప్రయోగము లక్ష్యము, సూత్రము లక్షణము. లక్ష్యము ముందు, లక్షణము తరువాత. శిష్టులు పలికినదానిని సూత్రము అనుసరించునే గాని, సూత్రముకొఱకు శిష్టులు పలుకుట లేదు. ప్రదర్శనశాలయందు ఈ క్రమము తలక్రిందగును. గ్రంథమున లక్షణము ముందు వ్రాయబడును. తరువాత పక్షి దానికి తగినట్లు పుట్టింపబడును. పందెపుకాలమున ముక్కు బలముగా నుండవలెననుట పట్టుకొఱకు. పోటీకాలమున ముక్కు వంగియుండవలెననుట చూపుకొఱకు. ప్రయోజనము నశించినను లక్షణము మిగిలి, మిగిలినది అతిశయించును.

దీనివలన కలుగు హానికి జపానుదేశపు పొట్టికోడి నిదర్శనము. దాని కాళ్లు మిక్కిలి కుఱుచగా నుండవలెనని లక్షణము. ఆ కుఱుచతనము నిచ్చు జన్యువు తల్లిదండ్రుల యిరువురినుండి పిల్లకు సంక్రమించినచో ఆ పిల్ల గ్రుడ్డులోనే చచ్చును. కుఱుచకాళ్ల జంటను కూర్చినప్పుడెల్ల నాలుగవపాలు గ్రుడ్లు నశించును; రెండుపాళ్లు కుఱుచకాళ్లవి, ఒకపాలు పొడుగుకాళ్లవి పుట్టును. లక్షణగ్రంథమునందలి ఒక్క పంక్తికి ఎన్ని ప్రాణములు వెల యగుచున్నవో దీనివలన గ్రహింపవచ్చును. రూపమును స్థిరపఱచుటకై తండ్రిని బిడ్డతోను, అన్నను చెల్లెలితోను తరతరములు కూర్చుటవలన గ్రుడ్లు పొదుగునబడక పోవుటయు, పిల్లలు దుర్బలములగుటయు పోషకులందఱెఱిగినదే. సగోత్రవివాహనిషేధమును పాటించువారు కోళ్లయెడ దానిని మఱచుట వింత.

అయినను సంకరమే జాతినాశనమనుకొనుటయు సరిగాదు. ఆంగ్లపండితుడు బేట్‌సన్ 1902లో కోళ్ల జుట్టునుబట్టి మెండెలు సూత్రములు జంతువులకును చెల్లునని చూపెను. బుడిపెజుట్టు కోడిని గులాబిజుట్టు కోడితో కూర్చిన, రెంటికంటె భిన్నమై అక్రోటుకాయను బోలు జుట్టు పుట్టును. అకార ఇకారములు కలిసి ఏకారమైనట్లు. కాని సంధి విడదీసిన పూర్వవర్ణములు దొరకునట్లే, మఱుతరమున బుడిపెజుట్టు, గులాబిజుట్టు, మామూలు ఱంపపుజుట్టు అన్నియు మరల కనబడును. గుణములు కలిసినను కరగిపోవు. కావున జాతిని రక్షించునది అంధమైన సగోత్రసంయోగము కాదు. ఏ పిల్ల ఏ జంటకు పుట్టెనో వ్రాసియుంచు వంశావళి.

పాతనగరపు పోషకుల విద్య చాలవఱకు నోటిమాటగనే సాగినది. ఉస్తాదు పోయిన ఆయన కోళ్ల వంశచరిత్రయు ఆయనతోనే పోవును. ఆ పేటలయందలి ఉర్దూసంజ్ఞలను, తెలుగు కుక్కుటశాస్త్రసంజ్ఞలను ఒకచోట చేర్చి, వంశావళులను వ్రాయించి, లక్షణములలో ముక్కు తోకలతోపాటు పెట్ట పొదుగునేర్పును, పిల్లల రోగసహనమును చేర్చినచో, పోటీనిర్ణేతకు లక్ష్యమును మరల ముందు నిలుపు అవకాశము కలుగును. పందెము నిషిద్ధమగుట న్యాయమే. కాని పందెముచే కాపాడబడిన పక్షిని పంజరముచే చెఱచుట న్యాయము గాదు. పెట్టను పరులకీయని ముదుసలి ముర్గ్‌బాజు, గ్రుడ్లు తక్కువయైనను పిల్లలను సాకు గుణమునకే వెల కట్టెను. అసీలు శబ్దమునందలి 'అసలు' అదియే.